ఉరికంబం ముందు అభ్యుదయవాది

మరణశిక్ష వుండాలా, తీసివేయాలా అనే చర్చ విద్యార్థుల సభల్లోనూ ఉపాధ్యాయుల గదుల్లోనూ ఎప్పుడూ సాగుతూనే వుంటుంది. ఎక్కడైనా ఒక ఘోరం జరిగితే వేడెక్కుతుంది, పదిరోజుల్లో చల్లారుతుంది. ఒకరు ప్రాణానికి ప్రాణం అంటారు. ఇంకొకరు, ప్రాణం పోయలేని రాజ్యానికి ప్రాణం తీసే హక్కు ఎక్కడిదంటారు. ఈ రెండు మాటలూ అరిగిపోయిన నాణేల వంటివి; చేతులు మారుతూ వుంటాయి గాని వాటి మీద బొమ్మ ఎవరికీ కనిపించదు. ఆ చర్చను నేను మళ్లీ మొదటినుంచి తవ్వదలచుకోలేదు. అంతకంటె ఇబ్బందికరమైన ప్రశ్న ఒకటి మన ముందున్నది. ఉరిశిక్షకు వ్యతిరేకులమని చెప్పుకునే మనం - అభ్యుదయ రచయితలం, వామపక్ష భావాలుగల ఉపాధ్యాయులం, విద్యార్థులం - ఇంతవరకు ఎవరి ఉరిని వ్యతిరేకించాం? ఎవరి ఉరి దగ్గర మౌనం వహించాం? ఎవరి చావుకు లోలోపల సంతోషించాం?

ఈ ప్రశ్న వేసుకోవడానికి మార్కాపురం, గిద్దలూరు సీమ తగిన చోటే. కుంపిణీవారి ఉరికొయ్య కథ ఇక్కడి కొండల మీదుగా నడిచింది. అడవిలో పోలీసు ఎదురుకాల్పులూ, వాటికి జవాబుగా ప్రజాకోర్టుల తీర్పులూ ఈ సీమ చూసింది. 2021 మే 24న ఒంగోలు సెషన్సు కోర్టు ఒకే కేసులో పన్నెండుమందికి ఉరిశిక్ష వేసిన వార్తనూ ఇక్కడివాళ్లు తమ జిల్లా వార్తగానే చదువుకున్నారు.

మొదట పాతకథ. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడి, నల్లమలకు ఇవతలి పక్కకు వచ్చాడు. గిద్దలూరు దగ్గర కుంపిణీ సైన్యంతో పోరు జరిగింది. ఆనాడు కోయిలకుంట్ల, కంభం ప్రాంతాలన్నీ కడప కలెక్టరు కింద వుండేవి. అక్టోబరులో ఆయన పట్టుబడ్డాడు. అనుచరులని చెప్పి దాదాపు వెయ్యిమంది మీద వారంట్లు తీశారు. వారిలో 412 మందిని ఏ నేరమూ మోపకుండానే వదిలారు, 273 మందిని జామీను మీద విడిచారు, 112 మందికి శిక్షలు వేశారు. నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కలెక్టరు కాక్రేన్ సమక్షంలో, జనం చూస్తూ వుండగా ఉరితీశారు. అంతటితో ఆగలేదు. ఆయన తలను కోటగోడ మీద 1877 దాకా, అంటే ముప్ఫైయేళ్లు, వేలాడనిచ్చారు. 1877 అంటే ధాత కరువు నడుస్తున్న కాలం. ఆకలితో పనులకు వెతుక్కుంటూ పోయే జనం కూడా ఆ తల కింద నుంచే నడిచి వుంటారు.

ఆ తల ఎవరికోసం వేలాడింది? చచ్చినవాడి కోసం కాదు గదా. బతికున్న రైతు కోసం, మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి కోసం, బోయ కోసం, చెంచు కోసం. శిక్షను బట్టి జనం భయపడతారనీ, భయపడి బుద్ధిగా వుంటారనీ పాలకుల సిద్ధాంతం. ఈనాటికీ మరణశిక్షను సమర్థించేవారి ప్రధానవాదం ఇదే, మాటలే మారాయి. కాని జనం ఏం చేశారు? పాట కట్టారు. కుంపిణీ దస్తావేజుల్లో రాజద్రోహి, హంతకుడు, దోపిడీదారు అని వున్న మనిషిని పల్లెల్లో ఆడుతూ పాడుతూ వీరుణ్ణి చేశారు. తలను చూపించి భయపెట్టదలచినవారి పేర్లు ఆ సీమలో ఎవరికీ గుర్తులేవు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మనకు హాయిగా వుంటుంది. కాని ఇక్కడే మన అలవాటు ఒకటి బయటపడుతుంది. నరసింహారెడ్డి పాలెగాళ్ల వంశంవాడు. తగాదా మొదలైంది పింఛను దగ్గర. అయినా ఆయన వెంట నడిచినవారు మాన్యాలు పోగొట్టుకున్నవారు గనుక మనం ఆయన్ని మనవాడిగా లెక్కవేసుకుంటాం. సరే, లెక్క వేసుకుందాం. అయితే మన సానుభూతి ఉరిని చూసి పుట్టిందా, ఉరిపడినవాడి ఘనతను చూసి పుట్టిందా? రెండోది అయితే, ఘనత లేనివాడి మెడకు తాడు పడినప్పుడు మన నోరు పెగలదు.

ఈ మాట ఊహగా చెప్పడం లేదు. 2019 అక్టోబరు 2న ఆ వీరుడి కథ మీద తీసిన పెద్ద సినిమా విడుదలయింది. చివరికి ఆయన్ని ఉరితీస్తుంటే హాళ్లలో కన్నీళ్లు పెట్టుకున్నవారు ఎందరో. రెండు నెలలు తిరిగాయి. శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని అమానుషంగా చంపిన కేసులో నిందితులైన నలుగురిని డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చిచంపారు. విచారణ లేదు, సాక్ష్యం లేదు, తీర్పు లేదు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. తరువాత సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, ఆ కాల్పులు ఆత్మరక్షణ కోసం జరిగినవి కావనీ, చనిపోయినవారిలో ముగ్గురు ఆనాటికి మైనర్లనీ 2022లో బయటపడిన నివేదికలో తేల్చింది. పూలు చల్లినవారిలో ఆ సినిమా చూసి ఏడ్చినవారు లేరని ఎవరనగలరు? ఆ వారంలోనే, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇరవైయొక్క రోజుల్లో దర్యాప్తూ విచారణా ముగించి మరణశిక్ష దాకా వేసే బిల్లు ఆమోదించింది. అది రాష్ట్రపతి ఆమోదం పొంది చట్టం కాలేదు. కాని ఆ రోజుల్లో దాన్ని వ్యతిరేకిస్తూ రాసిన తెలుగు రచయితలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మన ఉద్యమాల చరిత్రలోకి వద్దాం. తెలంగాణ సాయుధపోరాటంలో ఉరిశిక్ష పడిన పన్నెండుమంది కోసం జరిగిన ఆందోళన దేశాల ఎల్లలు దాటింది. బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వారి తరఫున వాదించడానికి ఇక్కడికి వచ్చాడు. హైదరాబాదులోని ప్రత్యేక ట్రిబ్యునళ్ల ముందు తమకు సరైన న్యాయసహాయం కూడా అందలేదని ముద్దాయిల ఫిర్యాదు. చివరకు ఉరి తప్పి యావజ్జీవం అయింది. ఇది గర్వించదగిన ఘట్టం. పాతికేళ్ల తరువాత ఆదిలాబాదు రైతుబిడ్డలు భూమయ్య, కిష్టాగౌడ్‌ల విషయంలో అంత అదృష్టం కలగలేదు. దేశమంతటా విజ్ఞప్తులు సాగినా, అత్యవసర పరిస్థితి చీకట్లో, 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో ఇద్దర్నీ ఉరితీశారు.

ఈ రెండు పోరాటాల్లోనూ మనం వాడిన వాదం ఏమిటి? వీరు నేరస్థులు కారు, రాజకీయఖైదీలు అని. వాదం నిజమే. భగత్‌సింగ్ కూడా తమను యుద్ధఖైదీలుగా పరిగణించి ఉరికి బదులు తుపాకులతో కాల్చమని అడిగాడు. కాని ఆ వాదం కడుపులో మరొక మాట దాగివుంది: నేరస్థులను అయితే ఉరితీయవచ్చు అని. మనం ఆ మాట పైకి అనలేదు, అనకుండానే అంగీకరించాం. భగత్‌సింగ్‌ను ఉరితీసిన కొద్దిరోజులకే, 1931 మార్చి చివర, కరాచీలో కాంగ్రెసు మహాసభ ప్రాథమిక హక్కుల తీర్మానంలో మరణశిక్ష వుండగూడదని చేర్చింది. అక్కడ ఎవరికి అని లేదు, ఎవరికీ అని వున్నది. 1949 జూన్‌లో రాజ్యాంగసభలో అంబేద్కర్ కూడా, అప్పీళ్ల గురించి తలబద్దలు కొట్టుకునేకంటె మరణశిక్షనే తీసివేయడం మంచిదన్న భావం వెలిబుచ్చాడు. అధికారం చేతికి వచ్చాక పాలకులు కరాచీ తీర్మానాన్ని మరిచారు. ప్రతిపక్షంలో వున్న మనం దాన్ని గుర్తుచేయవలసిన విధంగా గుర్తుచేయలేదు.

అసలు పరీక్ష మనకు 1993లో వచ్చింది. మార్చి 8న ఇద్దరు యువకులు దోపిడీ ఉద్దేశంతో చిలకలూరిపేట బస్సు ఎక్కారు. పెట్రోలు చల్లారు, అగ్గిపుల్ల గీశారు. ఇరవైముగ్గురు ప్రయాణికులు కాలిపోయారు. ఆ బస్సులో భూస్వాములు లేరు, దొరలు లేరు. కిటికీ పక్కన సీటు దొరికిందని నిద్రపోతున్న మామూలు మనుషులున్నారు. ఇద్దరు యువకులూ దళితులు, పేదలు. 1995లో గుంటూరు కోర్టు ఉరిశిక్ష వేసింది. 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1997 మార్చిలో తేదీ పెట్టి, తాడు సిద్ధం చేసేదాకా వెళ్లి ఆగింది. పౌరహక్కులవారు తిరిగారు, కొందరు రచయితలు సంతకాలు చేశారు, బెంగాలు నుంచి మహాశ్వేతాదేవి గొంతు కలిపింది. శంకర్ దయాళ్ శర్మ రాష్ట్రపతిగా వుండగా వారి క్షమాభిక్ష దరఖాస్తు తిరస్కరించబడింది. ఆయన తరువాత వచ్చిన కె.ఆర్. నారాయణన్ హయాంలో, 1998లో, శిక్ష యావజ్జీవంగా మారింది. నేరం మారలేదు, సాక్ష్యం మారలేదు, ఆ ఇద్దరూ మారలేదు. రాష్ట్రపతి భవనంలో మనిషి మారాడు. రెండు ప్రాణాలు అంత సన్నని దారం మీద వేలాడాయన్నమాట.

తెలుగునాట మరణశిక్ష గురించి జరిగిన చర్చల్లో దీన్ని నేను అన్నిటికంటె విలువైనదిగా భావిస్తాను. ఎందుకంటే ఆ ఇద్దరూ వీరులు కారు, నిర్దోషులు కూడా కారు. వారిని కాపాడమన్నవారికి చెప్పుకోవడానికి ఘనకార్యం ఏమీ లేదు. చనిపోయినవారి బంధువుల కళ్లలోకి చూస్తూ ఆ మాట అనవలసి వచ్చింది. పాట కట్టడానికి వీలులేని మనిషి విషయంలోనూ ఉరి తప్పేనని అనగలిగినవారే నిజంగా ఆ మాట అన్నవారు.

దాని పక్కన మరొక కేసు పెట్టి చూడాలి. 1985 జూలై 17న, నాటి ప్రకాశం జిల్లాలోనే, కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. కింది కోర్టు వేసిన శిక్షలను హైకోర్టు కొట్టివేసింది. సుప్రీంకోర్టు 2008 డిసెంబరులో ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు వేసింది. ఇరవైమూడేళ్లు పట్టింది. చిలకలూరిపేట కేసులో మంట ఆరిన మూడున్నరేళ్లకే సుప్రీంకోర్టు ఉరిని ఖాయం చేసింది. రెంటిలోనూ చనిపోయినవారు అమాయకులే. నేను కారంచేడు ముద్దాయిలకు ఉరి పడలేదని బాధపడటం లేదు. అక్కడ జరిగిన ఆలస్యం, ఇక్కడ జరిగిన తొందర - ఇవి రెండూ చట్టపుస్తకంలో వున్న తేడాలు కావు. ఊరిలో వున్న తేడాలు. భూమి ఎవరిది, ఠాణాలో కుర్చీ ఎవరికి వేస్తారు, పెద్ద వకీలును ఎవరు పెట్టుకోగలరు అన్నవి కోర్టు మెట్లెక్కి లోపలికి వస్తాయి.

దీనికి అంకెలు కూడా వున్నాయి. ఢిల్లీ జాతీయ న్యాయవిశ్వవిద్యాలయంవారు దేశంలో ఉరిశిక్ష పడి జైళ్లలో వున్నవారిని కలిసి మాట్లాడి 2016లో నివేదిక ప్రచురించారు. వారిలో నూటికి 74 మంది ఆర్థికంగా బలహీనులు. నూటికి 76 మంది దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాలవారు, మతమైనారిటీలు. ఇంకా విచిత్రం ఏమిటంటే, 2000 నుంచి 2014 వరకు కింది కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో పై కోర్టుల దాకా వెళ్లి తేలినవాటిని చూస్తే, నిలిచినవి నూటికి అయిదు మాత్రమే. నూటికి దాదాపు ముప్ఫైమంది పూర్తిగా నిర్దోషులుగా విడుదలయ్యారు. ఏ పనివాడైనా చేసిన నూరు వస్తువుల్లో అయిదే నిలబడితే వాడిని పనిలోనుంచి తీసివేస్తాం.

న్యాయస్థానాలకు ఈ సంగతి తెలియక కాదు. 1955కు ముందు హత్యకేసులో ఉరి వేయకపోతే ఎందుకు వేయలేదో జడ్జి కారణం రాయవలసి వుండేది. ఆ నిబంధన పోయింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడ్ వచ్చాక తలకిందులై, ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలన్నారు. 1974లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఈడిగ అనమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, నేరాన్నే కాక నేరం చేసిన మనిషిని కూడా చూడాలన్నాడు. ఆమె వయసు, అత్తింటినుంచి గెంటివేయబడిన బతుకు, వెనక వున్న పసిబిడ్డ - వీటిని లెక్కలోకి తీసుకుని ఉరి తప్పించాడు. 1957లో కేరళలో ఏర్పడిన నంబూద్రిపాద్ మంత్రివర్గంలో న్యాయశాఖా జైళ్ల శాఖా చూసిన మనిషి ఆయన, అనుభవం వృథాపోలేదు. 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అత్యంత అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులో మాత్రమే ఉరి అన్నది. మాట బాగుంది. కాని అరుదు అన్నదానికి కొలబద్ద ఏది? ఒక జడ్జికి అరుదైనది మరొకరికి మామూలు. ఆ బెంచిలోనే జస్టిస్ భగవతి విభేదించి, మరణశిక్ష రాజ్యాంగవిరుద్ధమనీ, అది ముఖ్యంగా పేదల మీదనే పడుతున్నదనీ రాశాడు. 2015లో లా కమిషను కూడా ఉగ్రవాదం, రాజ్యం మీద యుద్ధం వంటి కేసుల్లో తప్ప దీన్ని తీసివేయమని సిఫార్సు చేసింది. పార్లమెంటు వినలేదు. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన కొత్త న్యాయసంహితలో మరణశిక్ష పదిలంగా వుంది సరిగదా, కొత్త నేరాలకు కూడా పాకింది.

పొరపాటు గురించి ఒక్కమాట. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఒక హాస్టలులో ఫార్మసీ విద్యార్థినిని చంపారు. ఒక దళిత యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో కింది కోర్టు అతనికి యావజ్జీవం వేసింది. 2017 మార్చిలో హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చి విడిచిపెట్టి, నష్టపరిహారం ఇమ్మన్నది. ఎనిమిదేళ్లకు పైగా జైలు. ఆనాడు వీధుల్లో అరిచిన అరుపుల ప్రకారం ఉరి వేసి అమలుచేసి వుంటే? మార్కాపురం పలక మీద తప్పు రాస్తే తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. ఉరికి ఆ సౌకర్యం లేదు. ఆ బిడ్డను చంపింది ఎవరన్న ప్రశ్న ఆమె తల్లిదండ్రులకు మళ్లీ మొదటికి వచ్చింది. తప్పుడు మనిషిని పట్టుకోవడం వల్ల మోసపోయినవారిలో వారే మొదటివారు.

ఇప్పుడు ఒంగోలు తీర్పుకు వస్తాను. మనలను నిజంగా ఇరుకునపెట్టే కేసు అది. 2008లో కలకత్తా - మద్రాసు రహదారి మీద ఒక ముఠా అధికారుల వేషంలో సరుకు లారీలను ఆపి, డ్రైవర్లనూ క్లీనర్లనూ చంపి, శవాలను మాయంచేసి, ఇనుమూ లారీ విడిభాగాలూ అమ్ముకుంది. హతులు కార్మికులు. రాత్రంతా స్టీరింగు పట్టుకుని, డాబాలో రొట్టె తిని, యజమాని సరుకును ఊరు చేర్చేవారు. క్లీనరు అంటే చాలాసార్లు మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు. వారి సరుకుకు బీమా వుంటుంది, వారికి వుండదు. అటువంటివారిని గొంతు నులిమి చంపినవారికి ఉరి వేయగూడదని కార్మికవర్గం పేరు చెప్పుకునే మనం ఏ ముఖంతో అంటాం?

చాలామంది మిత్రులు ఇక్కడ తప్పుకుంటారు. ఉరి పేదవాడి మీదనే పడుతున్నది గనుక వద్దు అన్న వాదం ఇక్కడ సగమే పనిచేస్తుంది. ఇక్కడ చచ్చినవాడూ పేదవాడే. రేపు పెద్ద భూస్వామినో, కల్తీమందుల వ్యాపారినో ఉరితీయడం మొదలుపెడితే మన వాదం చల్లగా జారిపోతుంది. వివక్ష లేని ఉరి మంచి ఉరి అవుతుందా? కాదని చెప్పడానికి మరొక ఆధారం కావాలి.

అది మార్క్సులోనే వుంది. 1853లో ఒక అమెరికన్ పత్రికకు రాసిన వ్యాసంలో ఆయన, నాగరికతను చెప్పుకుని గర్వించే సమాజంలో మరణశిక్షకు న్యాయమైన పునాది చూపడం అసాధ్యం కాకపోయినా బహుకష్టమని అన్నాడు. నేరాల లెక్కలు ఏడాదికేడాదీ దాదాపు ఒకే తీరున వస్తున్నాయంటే వాటిని పుట్టించేది వ్యక్తుల దుర్బుద్ధి మాత్రమే కాదు, సమాజపు ఏర్పాటు. అటువంటప్పుడు తలారిని కీర్తించడం మాని ఆ ఏర్పాటును మార్చే సంగతి ఆలోచించవద్దా అని అడిగాడు. హేగెల్ చెప్పిన, శిక్ష నేరస్థుని హక్కే అన్న సిద్ధాంతాన్ని కూడా అక్కడే ఎండగట్టాడు. ఇది దయాదాక్షిణ్యాల ఉపన్యాసం కాదు. ఉరి అనేది సమాజం తన బాధ్యతను ఒక మెడకు చుట్టి చేతులు దులుపుకునే పద్ధతి అన్న విమర్శ. రహదారి మీద అర్ధరాత్రి అధికారి వేషం వేసినవాడిని చూసి డ్రైవరు ఎందుకు మారుమాటాడకుండా బండి ఆపాడు? నిజమైన అధికారులు కూడా అట్లాగే ఆపి, అట్లాగే చేయిచాస్తారు గనుక. దొంగ ఇనుమును తూకం వేసి కొన్న షాపులు ఎన్ని? పన్నెండు ఉరితాళ్లతో ఈ ప్రశ్నల మూట కట్టి పక్కన పెట్టడమే జరుగుతుంది.

భయం సంగతి కూడా చూద్దాం. తిరువాన్కూరు సంస్థానం 1944లో మరణశిక్ష తీసివేసింది. భారతదేశంలో కలిశాక మళ్లీ వచ్చింది. అది లేని 1945 - 50 మధ్య 962 హత్యలు, వున్న 1950 - 55 మధ్య 967 హత్యలు జరిగాయన్నది ఈ చర్చలో తరచుగా ఉదహరించబడే లెక్క. ఒక్క లెక్కతో అంతా తేలదు గాని, ఉరి వుంటే హత్యలు తగ్గుతాయనేవారు దీనికి జవాబు చెప్పుకోవాలి.

మార్క్సును చెప్పి మన ఇంటి సంగతి దాటవేయడం నిజాయితీ కాదు. 1917 అక్టోబరు విప్లవం తొలి రోజుల్లోనే మరణశిక్షను రద్దుచేసింది. 1918లో తిరిగి వచ్చింది. 1920లో మళ్లీ తీసి, నెలల్లోనే మళ్లీ తెచ్చారు. 1947లో మూడోసారి రద్దయింది. 1950లో దేశద్రోహులకని తిరిగివచ్చి, 1954లో హత్యలకు కూడా వ్యాపించింది. ఈ మధ్యలో ముప్ఫైల నాటి విచారణల్లో కాల్చివేయబడినవారిలో విప్లవం తెచ్చినవారే ఎందరో వున్నారు. తరువాత వారిలో చాలామందిని నిర్దోషులని ప్రకటించారు. ప్రకటన విన్నది వారి పిల్లలు మాత్రమే. ఈ చరిత్రను మన పత్రికలు చాలాకాలం పలకలేదు. చైనాలో నేటికీ సాగుతున్న ఉరుల గురించి కూడా మన గొంతు సన్నగానే వుంటుంది. రద్దుచేసిన ప్రతిసారీ ఉద్దేశం మంచిదే. తిరిగి తెచ్చిన ప్రతిసారీ కారణం ఒకటే - ఇప్పుడు శత్రువు మామూలు శత్రువు కాదు అన్నది. ప్రపంచంలోని ఏ ఉరికంబాన్ని నిలబెట్టినవారూ వేరే కారణం చెప్పలేదు.

నల్లమలకు తిరిగి వస్తే, దోర్నాల, యర్రగొండపాలెం పక్కల గూడేల్లో ఈ వాక్యానికి అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఏళ్లతరబడి ఒకపక్క పోలీసులు ఎదురుకాల్పులని చెప్పి చంపారు. మరొకపక్క దళాలు ఇన్‌ఫార్మరని చీటీ పెట్టి చంపాయి. మొదటిదాన్ని మనం ఖండించాం, సభలు పెట్టాం, కవితలు రాశాం. రెండోదాన్ని ప్రజాతీర్పు అన్నాం, లేదా ఏమీ అనలేదు. ఇన్‌ఫార్మరనిపించుకున్నవాడు ఎవరు? అనేకసార్లు ఠాణాకు పిలిస్తే పోక తప్పని పేదవాడు. అడవి అధికారికీ, పోలీసుకూ, దళానికీ ముగ్గురికీ దండం పెట్టి బతికే మనిషి. అతనికి వకీలు లేడు, అప్పీలు లేదు, క్షమాభిక్ష దరఖాస్తు పెట్టుకోవడానికి రాష్ట్రపతి లేడు. కారంచేడు కేసులో ప్రధాన నిందితుణ్ణి 1989లో పీపుల్స్‌వార్ దళం చంపినప్పుడు మనలో చాలామందికి కలిగినది న్యాయం జరిగిందన్న తృప్తి. ఆ తృప్తిని నేను అర్థం చేసుకోగలను. కోర్టులు చేయని పని ఎవరో చేశారన్నది బాధితుని దృష్టిలో చిన్నమాట కాదు. కాని ఆ తృప్తికీ చటాన్‌పల్లిలో పూలు చల్లిన చేతులకూ మధ్య దూరం ఎంతో కొలిచి చూసుకోవాలి గదా.

ఈ ప్రశ్న మీదనే పౌరహక్కుల ఉద్యమం చీలింది. రాజ్యహింసతోపాటు ఉద్యమాల హింసను కూడా ప్రశ్నించాలన్న బాలగోపాల్, మరికొందరు 1998లో మానవహక్కుల వేదికగా విడివడ్డారు. ఆనాడు ఆయన మీద వచ్చిన విమర్శలు చాలా ఘాటైనవి. రాజ్యాన్నీ ప్రజలనూ ఒకే తక్కెడలో తూచుతున్నాడన్నారు. రాజ్యానికి వున్న బలం, బాధ్యత వేరు. దళానికి వున్నవి వేరు. ఆ భేదం నిజమే. అయినా చెట్టుకు కట్టబడిన మనిషి వైపునుంచి చూసినప్పుడు తక్కెడ ఎవరిదన్నది పెద్ద సంగతి కాదు. 2004 అక్టోబరులో మావోయిస్టు నాయకులు శాంతిచర్చలకు నల్లమల దిగి ప్రకాశం జిల్లా వైపు వచ్చినప్పుడు ఈ పల్లెల జనం తండోపతండాలుగా వెళ్లి చూశారు. కొందరు అభిమానంతో, కొందరు వింతగా, కొందరు ఇక రెండువైపులా చావులు ఆగుతాయేమోనన్న ఆశతో. చర్చలు విఫలమయ్యాయి, చావులు ఆగలేదు.

మన సాహిత్యం ఈ విషయంలో ఏం చేసింది? రావిశాస్త్రి వకీలుగా కోర్టును లోపలినుంచి చూసిన మనిషి; చట్టం పేదవాడి దగ్గర ఎట్లా మాట్లాడుతుందో, డబ్బున్నవాడి దగ్గర ఎట్లా మాట్లాడుతుందో ‘ఆరు సారా కథలు’లో చూపించినంతగా మరెవరూ చూపించలేదు. కాని ఆయన కథల న్యాయస్థానం ఎక్కువగా చిన్న కేసులది. ఉరికేసు లోపలికి వెళ్లిన తెలుగు కథలు తక్కువ. ఉరిపడిన వీరుడి మీద మనకు పాటలున్నాయి, బుర్రకథలున్నాయి. ఉరిపడిన మామూలు నేరస్థుని తల్లి మీద ఏమున్నది?

ఈ పని మనకంటె ముందు పాతవాళ్లు చేశారంటే ఆశ్చర్యం కలుగుతుంది. సంస్కృత భారతం శాంతిపర్వంలో ద్యుమత్సేనుడనే రాజుకూ అతని కొడుకు సత్యవంతునికీ సంవాదం ఒకటి వుంది. సావిత్రి భర్త సత్యవంతుడే. వధకు తీసుకుపోతున్న నేరస్థులను చూసి కొడుకు అభ్యంతరం చెబుతాడు. దొంగను చంపితే రాజు వాడినొక్కడినే చంపడం లేదు. వాడి భార్యను, తల్లిని, తండ్రిని, పిల్లలను కూడా చంపుతున్నాడంటాడు. వేరుతో పెకలించని శిక్షలు వేయమంటాడు. తండ్రి ఊరుకోడు. పూర్వం ఛీ అంటే సరిపోయేది, తరువాత జుల్మానా కావలసి వచ్చింది, ఇప్పుడు చంపితే తప్ప జనం లొంగడం లేదంటాడు. ప్రతి తరమూ పాతరోజులు మంచివని చెప్పి తాడు పేనుకున్నదన్నమాట. పతివ్రతా మాహాత్మ్యం పేరిట సావిత్రి కథను వెయ్యిసార్లు చెప్పిన మన పండితులు ఈ సంవాదాన్ని బడిపిల్లలకు చెప్పిన జాడ లేదు.

సత్యవంతుని వాదంలో ఒక లోటు కూడా వున్నది. అతను నేరస్థుని ఇంటిని చూశాడు; దొంగ చేతిలో చచ్చినవాడి ఇంటిని చూడలేదు. ఉరిని వ్యతిరేకించే మనలో చాలామందిదీ ఇదే లోటు. అందుకే బాధితుల కుటుంబాలు మనలను దగ్గరకు రానివ్వవు. ఉరితీయండి అని అరిచేవాడే తమ పక్షమని అనుకుంటాయి. నిజానికి ఆ అరిచేవాడు తీర్పు రోజున ఫోటో తీయించుకుని వెళ్లిపోతాడు. రహదారి మీద చచ్చిన క్లీనరు తల్లికి ఆ తరువాత నెలనుంచి బియ్యం ఎవరు పోశారు, లారీ యజమానికి బీమా సొమ్ము వచ్చినప్పుడు ఆమెకు ఎంత వచ్చింది, బాధితుల పరిహారమని చట్టంలో వున్న పథకం కింద ఆమె చేత దరఖాస్తు పెట్టించినవారు ఎవరు - ఈ ప్రశ్నలు వేయవలసింది మనం. మార్కాపురంలోనూ గిద్దలూరులోనూ లారీ పనివారు వున్నారు, వారి సంఘాలు వున్నాయి, కోర్టులు వున్నాయి. కథలు రాయదలచిన విద్యార్థులు ఒక సెషన్సు కేసును మొదటిరోజునుంచి చివరిరోజుదాకా వెనకబెంచి మీద కూర్చుని చూడాలి. ముద్దాయి తల్లి ఒక చెట్టుకింద, హతుని తల్లి ఇంకో చెట్టుకింద కూర్చుని వుంటారు. ఇద్దరూ ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం మూట విప్పేది కోర్టు భోజనాలకు లేచినప్పుడే.